మొహబ్బత్ సరే, ఉజ్రత్ మాటేమిటి?



ఈ మధ్య ఎవరి ఫోన్ చూసినా ఒక మాట తిరుగుతోంది. పనివాళ్లను భయపెట్టి కాదు, మొహబ్బత్‌తో నడిపించాలట. రహమ్ ఉన్నవాడే అసలైన లీడరట. కంపెనీల్లో దీని మీద ట్రైనింగులు పెడుతున్నారు. మన జుమా తఖ్రీర్లలో కూడా అప్పుడప్పుడూ వినపడుతోంది. మాట మంచిదే. భయంతో నడిచే దుకాణం ఎలా ఉంటుందో మనలో చాలామందికి పనివాళ్లుగా తెలుసు. మాలిక్ అడుగుల చప్పుడు వినగానే చేతిలో చాయ్ గ్లాసు దాచేసే కుర్రాణ్ణి మనం అందరం చూశాం.

నాకు అభ్యంతరం ఆ మాట మీద లేదు. ఆ మాట ఎక్కడికి వచ్చి ఆగిపోతోందన్న దాని మీద ఉంది. "మా దుకాణంలో అందరం ఒకే ఖాందాన్ లాగా ఉంటాం" అని చెప్పే మాలిక్‌లను గమనించండి. ఖాందాన్ కాబట్టి రాత్రి పదకొండు దాకా ఉండమన్నా కాదనకూడదు. ఖాందాన్ కాబట్టి జీతం పదిహేనో తారీఖున ఇచ్చినా నోరెత్తకూడదు. ఖాందాన్ కాబట్టి ఎంత ఇస్తున్నారని బయట చెప్పకూడదు. లాభం వచ్చిన ఏడాది మాత్రం ఆ ఖాందాన్‌లో వాటాలు ఉండవు. మొహబ్బత్ అనే మాటను ఉజ్రత్‌కు బదులుగా వాడుకునే ఈ పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కటువుగా మాట్లాడి ఒకటో తారీఖుకు పూర్తి జీతం చేతిలో పెట్టే మాలిక్ వీళ్లకంటే నయం.

ఈ సంగతి ఆలోచిస్తుంటే నాకు మన శ్రీకాకుళం జిల్లా పొందూరు గుర్తుకు వస్తుంది. ఎందుకంటే ఆ ఊరి పనిని మెచ్చుకోనివాళ్లు లేరు. ఆ పని మీద దేశమంతా మొహబ్బత్ కురిపించింది. గాంధీ గారు ఇక్కడి నూలు సన్నదనం విని, నిజమేనా అని చూసి రమ్మని తన కొడుకు దేవదాస్‌ను పంపించారని ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. ఇక్కడి పంచె కట్టుకోవడం నాయకులకు ఒక హోదా. అంత మెప్పు దొరికిన పనిలో ఆ పని చేసే ఆడవాళ్లకు ఏం దొరికింది అన్నది చూస్తే, మొహబ్బత్‌కూ ఉజ్రత్‌కూ మధ్య ఎంత దూరమో అర్థమవుతుంది.

ముందు ఆ పనేమిటో చెప్పాలి. రైలులో చీపురుపల్లి దాటి ఆమదాలవలస వైపు వెళ్తుంటే పొందూరు స్టేషన్ వస్తుంది. చాలామంది దిగరు. అక్కడ వాడేది ఈ ప్రాంతంలో పండే పొట్టి పింజ పత్తి. పత్తి గింజను, దానికి అంటుకున్న దూదితో సహా, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకు ఉండే సన్నని పళ్లు దూదిలోని చెత్తను లాగేసి పోగులను సాఫు చేస్తాయి. ఎన్ని మిషన్లు వచ్చినా ఆ దవడ పని ఇంకేదీ చేయలేదంటారు. ఆ తర్వాత చెక్క పలక మీద కడ్డీతో దొర్లించి గింజను విడదీస్తారు. చిన్న విల్లుతో దూదిని ఏకుతారు. ఏకులు చుడతారు. చేతి చెమట అంటకుండా ఆ ఏకును ఎండిన అరటి దొప్పలో పెట్టి పట్టుకుని, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. నూలు 100 కౌంటు దాకా, అంతకు పైన కూడా పోతుంది. మెట్రిక్ లెక్కలో 100 కౌంటు అంటే కిలో నూలులో నూరు చిలపలు. ఒక్కో చిలప వెయ్యి మీటర్లు. ఇదంతా మగ్గం ఎక్కకముందు జరిగే పని. దాదాపు మొత్తం ఆడవాళ్ల చేతుల మీదుగానే నడుస్తుంది. నేల మీద కూర్చుని, మెడ వంచి, కళ్లు చిట్లించి చేసే పని.

ఇక్కడ మన దూదేకుల కుటుంబాలవాళ్లకు ఒక మాట. ఈ రాత చదివేవాళ్లలో మీరు చాలామందే ఉన్నారని నాకు తెలుసు. నూర్ బాషా అన్నా, పింజారి అన్నా, లద్దాఫ్ అన్నా, ఆ పేరు వెనక ఉన్నది ఈ పనే. విల్లు తీగ మోగుతుంటే దూది మేఘంలా లేచేది. అది ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి పోయేది. పరుపులు కుట్టి ఊరూరా తిరిగిన మన తాతలను "దూదేకులోడు" అని తేలిగ్గా పిలిచినవాళ్లలో మన మజ్హబ్‌వాళ్లూ ఉన్నారు. ఆ తేలిక చేసినవాళ్లకు మన్సూర్ హల్లాజ్ పేరులోని హల్లాజ్ అంటే దూదేకేవాడని తెలియదు కాబోలు. పనిని బట్టి మనిషి ఇజ్జత్ కొలిచే ఈ జబ్బు మన ఇళ్లలో ఇంకా ఉంది. పనివాడికి ఎంత ఇవ్వాలన్న లెక్క ఆ జబ్బులోంచే మొదలవుతుంది. తక్కువవాడు అనుకున్న మనిషికి తక్కువ ఇవ్వడం ఎవరికీ జుల్మ్‌లా కనిపించదు.

మళ్లీ నూలు దగ్గరికి వద్దాం. 1935లో అఖిల భారత చరఖా సంఘంలో ఒక పెద్ద గొడవ నడిచింది. ఖాదీ ఉద్యమం అప్పటికి పదిహేనేళ్లది. దేశభక్తి పేరుతో బట్ట అమ్ముడవుతోంది. వడికే ఆడదానికి మాత్రం రోజంతా కూర్చున్నా చేతికి వచ్చేది బహు స్వల్పం. బట్ట చవగ్గా ఉంటేనే జనం కొంటారు కాబట్టి అలాగే ఉండాలన్నది వాదన. గాంధీ గారు ఈ వాదనకు ఎదురు తిరిగారు. ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు ఉండాలి, ఆడామగా తేడా ఉండకూడదు అన్నారు. సంఘంలోని సొంత మనుషులే హడలిపోయారు. ధర పెరిగితే ఎవరు కొంటారు, అమ్మకాలు పడిపోతే ఇప్పుడు వచ్చే ఆ కొంచెం కూడా పోతుంది కదా అన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆ భయం నిజమైనదే. అయినా ఆ ఏడాది సంఘం తీర్మానం చేసింది: వడికేవాళ్లకు కనీసం తిండికీ బట్టకూ సరిపడే కూలి రావాలి. ఎనిమిది అణాలు ఒక్కసారిగా రాలేదు. చాలా తక్కువతో మొదలుపెట్టారు. కానీ లెక్క ఎక్కణ్ణుంచి మొదలు కావాలన్నది మారింది. అంతకు ముందు బజారు ధరలోంచి ఖర్చులు తీసేసి మిగిలింది కూలి. ఇప్పుడు మనిషి బతకడానికి ఎంత కావాలో ముందు చూసి, ఆ తర్వాత ధర.

వడికేవాళ్లు తామూ ఖాదీ కట్టుకోవాలని షరతు పెట్టారు. ఆ షరతు నాకు నచ్చదు. కూలి ఇచ్చాక దానితో ఏం కట్టుకోవాలో చెప్పడం మాలిక్ పని కాదు. రహమ్ చేసేవాడికి పెత్తనం చేసే హక్కు కూడా వచ్చేసిందనుకోవడం పెద్దమనుషుల్లో తరచూ కనిపించే లోపం. కానీ ఆ షరతు వెనక ఒక మంచి ప్రశ్న ఉంది. తాను వడికిన బట్టను తాను కట్టుకోలేని మనిషి పని గురించి మనం గొప్పగా చెప్పుకోవడమేమిటి?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. హజ్రత్ అబూ జర్ గిఫారీ రజియల్లాహు అన్హు గురించి బుఖారీలో ఉన్న రివాయత్ మీకు తెలిసే ఉంటుంది. ఆయన ఒంటి మీద ఎలాంటి బట్ట ఉందో ఆయన గులాం ఒంటి మీదా అలాంటిదే ఉండటం చూసి ఒకాయన ఆశ్చర్యపోయి అడిగాడు. అబూ జర్ చెప్పిన జవాబు వెనక ఒక కథ ఉంది. ఒకప్పుడు ఆయన ఒక మనిషిని అతని తల్లిని ఎత్తిపొడుస్తూ తిట్టారు. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం వినగానే, నీలో ఇంకా జాహిలియత్ మిగిలి ఉందని గట్టిగా మందలించారు. మీ కింద పనిచేసేవాళ్లు మీ భాయీలేనని, మీరు తినేదే తినిపించాలని, మీరు తొడిగేదే తొడిగించాలని, మోయలేని పని మోపకూడదని, మోపితే మీరూ చేయి వేయాలని బోధించారు. ఇక్కడ నేను ఆగి చూసేది ఒకటుంది. భాయీ అనే మాట చెప్పి హుజూర్ అక్కడే ఆగిపోలేదు. తిండి, బట్ట, బరువు అని వరసపెట్టి చెప్పారు. మన మాలిక్ సాబ్‌లు మాత్రం భాయీ దగ్గర ఆగిపోతున్నారు.

పొందూరులో ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949లో ఏర్పడింది. ఆ పేరులో కార్మికుల అభివృద్ధి అన్న మాట ఉండటం నాకు ఇష్టం. ఖాదీ అభివృద్ధి అనో, వ్యాపార అభివృద్ధి అనో పెట్టలేదు. సంఘం భవనానికి 1955లో వినోబా భావే పునాది రాయి వేశారు. పత్తి ఇచ్చి, నూలు తీసుకుని, మగ్గాలకు పంపి, బట్ట అమ్మే ఇలాంటి సంఘాలు లేకపోతే ఈ పని ఎప్పుడో చచ్చిపోయేది. అది ఒప్పుకోవాలి. కానీ ఇవాళ వడికేవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లు. వాళ్ల కూతుళ్లు, కోడళ్లు రాట్నం ముందు కూర్చోవడానికి రావడం లేదు. దీన్ని చూసి "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అనేవాళ్లున్నారు. ఓపిక లేక కాదు, లెక్క వచ్చి.

దేశం మొత్తానికి ఖాదీ కమిషన్ ప్రకటించిన కూలి చూడండి. 2023 ఏప్రిల్‌కు ముందు చిలప వడికితే 7.50 రూపాయలు. అప్పుడు 10 చేశారు. 2024 అక్టోబరు 2న అది 12.50 అయింది. చిలప అంటే వెయ్యి మీటర్లని పైన చెప్పాను. ఒక కిలోమీటరు నూలుకు ఒక చాయ్ ధర. ఎక్కువ కదుర్లున్న కొత్త రాట్నం మీద రోజుకు చాలా చిలపలు తీయవచ్చు. ఒంటి కదురు మీద సన్న నూలు తీసే చేతికి అంత వేగం ఎక్కణ్ణుంచి వస్తుంది? కౌంటును బట్టి, రాట్నాన్ని బట్టి కూలి మారుతుంది, నిజమే. కానీ ఎలా లెక్క కట్టినా, పక్క ఊళ్లో ఉపాధి హామీ పనికో, విశాఖలో బట్టల షాపులో నిలబడే పనికో వెళ్లే ఆడపిల్లను రాట్నం దగ్గరికి తెచ్చే కూలి అది కాదు. మెచ్చుకోళ్లు మాత్రం బోలెడు ఉన్నాయి. "మన వారసత్వం, మన గర్వం" అంటారు. గర్వం మనది, మెడనొప్పి ఆవిడది.

ఇక్కడ కొనేవాళ్ల సంగతి కూడా వస్తుంది. ఇమామె ఆజం అబూ హనీఫా రహ్మతుల్లాహి అలైహి కూఫాలో బట్టల వ్యాపారి. మన ఇళ్లలో నమాజ్ ఎలా చదవాలో ఆయన ఫిఖ్ నుంచే నేర్చుకున్నాం గానీ, దుకాణం ఎలా నడిపారో చెప్పుకోవడం తక్కువ. ఆయన గురించి ఒక రివాయత్ ఉంది. ఒక ఆవిడ పట్టు బట్ట అమ్మడానికి తెచ్చింది. ఎంత అని అడిగితే వంద అంది. దీని విలువ అంతకంటే ఎక్కువ, సరిగ్గా చెప్పమన్నారు. ఆవిడ వందలు పెంచుకుంటూ నాలుగు వందల దాకా వెళ్లింది. ఇంకా ఎక్కువే అన్నారు. నన్ను వెక్కిరిస్తున్నావా అని ఆవిడ కోపగించుకుంది. అయితే ధర కట్టేవాణ్ణి పిలుచుకుని రమ్మన్నారు. చివరికి ఐదు వందలకు కొన్నారు. ఈ కథను మనం "ఇమామ్ సాబ్ ఎంత నిజాయితీపరులో" అని చెప్పుకుని పక్కన పెట్టేస్తాం. అందులో వ్యాపారికి పనికొచ్చే పాఠం వేరే ఉంది. ఆవిడకు తన సరుకు విలువ తెలియదు. ఆ తెలియకపోవడం ఆయనకు లాభం. ఆ లాభం ఆయన ముట్టుకోలేదు. తెలియనితనం మీద, అవసరం మీద, అడగలేని మొహమాటం మీద వచ్చే లాభాన్ని ముట్టుకోకపోవడమే నా దృష్టిలో పని దగ్గర రహమ్. మిగతావి దాని తర్వాత వస్తాయి.

మన ఇళ్లలో ఇంటి దగ్గరే కూర్చుని పని చేసే ఆడవాళ్లు ఎంతమంది! బ్లౌజులకు హుక్కులు కుట్టేవాళ్లు, ఫాల్ వేసేవాళ్లు, మగ్గం వర్క్ చేసేవాళ్లు, షాదీలకు సేమియా, పాపడ్ చేసి ఇచ్చేవాళ్లు. అందరూ పీసు రేటు మీదే. రేటు ఎవరు పెడతారు? తెచ్చి ఇచ్చేవాడు. షాపులో ఆ వర్క్‌కు ఎంత తీసుకుంటున్నారో ఆపాకు తెలియదు. తెలిస్తే అడుగుతుందని చెప్పరు. "ఇంట్లో కూర్చుని పర్దాలో ఉండి సంపాదించుకుంటోంది, అదే పెద్ద బర్కత్" అంటారు. బర్కత్ ఇచ్చేది అల్లాహ్. రేటు పెట్టింది నువ్వు. ఆ రెంటినీ కలపొద్దు.

ఇక రంజాన్ గురించి. ఇది రాస్తే కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. మన వ్యాపారుల్లో చాలామంది రంజాన్‌లో తమ పనివాళ్లకు జకాత్ ఇస్తారు. పనివాడు ముస్తహిఖ్ అయితే ఇవ్వవచ్చు, దానిలో తప్పు లేదు. కానీ కొన్నిచోట్ల ఏం జరుగుతోందంటే, ఏడాదంతా తక్కువ జీతం ఇచ్చి, రంజాన్‌లో ఇచ్చే ఆ డబ్బును బోనస్‌లా చూపిస్తారు. "నీకు జీతం తక్కువైనా ఈద్‌కు చూసుకుంటా కదా" అంటారు. ఆ డబ్బు ఆశ చూపించి మనిషిని కట్టేసుకుంటారు. జకాత్‌తో జీతం బాకీ తీరదు. పనికి బదులుగా ఇస్తే అది జకాత్ కూడా కాదు. ఇది నా సొంత మాట కాదు, ఏ ఆలిమ్‌ను అడిగినా ఇదే చెబుతారు. జకాత్ అల్లాహ్ పెట్టిన ఫర్జ్. జీతం ఆ మనిషి హఖ్. ఒక జేబులోంచి తీసి రెండు బాకీలు తీర్చేశాననుకునేవాడు రెండూ బాకీ పడి ఉంటాడు. దానికి తోడు, ముస్తహిఖ్ కాకుండా ఉండాల్సిన మనిషిని, ఒంట్లో శక్తి ఉండి రోజుకు పది గంటలు పని చేసే మనిషిని, మన తక్కువ జీతమే ముస్తహిఖ్‌ను చేసింది కదా! ఇది ఎలాంటి ఎహ్సాన్?

అదే దుకాణంలో పనిచేసే హిందూ కుర్రాడి సంగతి చూడండి. జకాత్ అతనికి పోదు, కాబట్టి ఈద్‌కు అతనికి ఒక మిఠాయి డబ్బా. ఇద్దరూ ఒకే పని చేశారు, ఒకే గంటలు నిలబడ్డారు. బోనస్ జీతం లెక్కలోంచి ఇచ్చి ఉంటే ఇద్దరికీ సమానంగా వచ్చేది. ఉజ్రత్ ఎగ్గొట్టినవాడి మీద ఖియామత్ రోజున తానే ఫిర్యాదీగా నిలబడతానని అల్లాహ్ హెచ్చరించినట్టు హదీసులో వస్తుంది. ఆ మజ్దూర్ కలిమా చదివినవాడా కాదా అన్న తేడా అక్కడ లేదు. ఈ ఉత్తరాంధ్రలో మనం చాలా కొద్దిమందిమి. మన దుకాణాల్లో పనిచేసేవాళ్లు ఎక్కువమంది మన మజ్హబ్‌వాళ్లు కారు. మన దీన్ గురించి వాళ్లు తెలుసుకునేది తఖ్రీర్లలో కాదు, నెల జీతం కవరులో.

మాటతీరు ముఖ్యం కాదా అని అడగవచ్చు. ముఖ్యమే. హజ్రత్ అనస్ రజియల్లాహు అన్హు పదేళ్లు హుజూర్ ఖిద్మత్‌లో ఉన్నారు. ఆ పదేళ్లలో ఒక్కసారి కూడా విసుక్కున్న మాట వినలేదని, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని నిలదీయలేదని ఆయనే చెప్పారు. పదేళ్లంటే, అనస్ చిన్న పిల్లవాడిగా వచ్చి యువకుడైన కాలం. ఆ వయసు కుర్రాడు ఎన్ని వస్తువులు పగలగొట్టి ఉంటాడో, చెప్పిన పని మరిచి ఎన్నిసార్లు ఆటలకు పోయి ఉంటాడో ఊహించుకోండి. మన మెకానిక్ షెడ్లలో స్పానర్ తప్పు ఇచ్చాడని కుర్రాళ్ల నెత్తిన మొట్టే ఉస్తాద్‌లు దీన్ని గుర్తుంచుకోవాలి. "నేనూ అలాగే దెబ్బలు తిని నేర్చుకున్నా" అనేది దలీల్ కాదు. (పద్నాలుగేళ్లు కూడా నిండని పిల్లవాడు షెడ్డులో ఎందుకున్నాడన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. దాని గురించి వేరే రాయాలి.)

అయితే తీయటి మాటకు ఒక ప్రమాదం ఉంది. అది మనిషిని అడగలేనివాణ్ణి చేస్తుంది. కరుకు మాలిక్‌ను జీతం పెంచమని అడగడం కష్టమే గానీ, ఇంటికి పిలిచి బిర్యానీ పెట్టి, పిల్లల చదువు గురించి అడిగే మాలిక్‌ను అడగడం ఇంకా కష్టం. నోట్లో ముద్ద ఉండగా హఖ్ మాట ఎలా వస్తుంది? అందుకే రహమ్ ఉన్న మాలిక్ పని, అడగకముందే లెక్క చూసుకోవడం. ఏడాదికోసారి కూర్చుని బియ్యం ధర ఎంత పెరిగింది, ఇంటి అద్దె ఎంత పెరిగింది, నేను ఇచ్చేది ఎంత పెరిగింది అని రాసుకోవడం. నెల జీతం 7వ తారీఖు లోపు ఇవ్వమని మన దేశ చట్టమే చెబుతోంది. మజ్దూర్ ఒంటి మీద చెమట ఆరకముందే ఇవ్వమన్న హుకుం ఉన్న ఉమ్మత్ చట్టం కంటే వెనకబడి ఉండటం ఏం ఇజ్జత్?

సూరె నహ్ల్‌లో ఒక ఆడమనిషి ప్రస్తావన ఉంది. గట్టిగా నూలు వడికి, ఆ తర్వాత తన చేతులతోనే పోగులు పోగులుగా విప్పేసుకున్న ఆవిడ లాగా కావద్దని, చేసిన వాగ్దానం తప్పేవాళ్లకు చెప్పిన మిసాల్ అది. పొందూరు రాట్నం ముందు కూర్చున్న ఏ అమ్మకైనా ఆ మిసాల్ ఎంత బరువైనదో వెంటనే అర్థమవుతుంది. అంత పని చేసి, ఒక్క లాగుతో పాడు చేసుకోవడం. "ఆరు నెలల తర్వాత పెంచుతా" అని పనిలో పెట్టుకుని రెండేళ్లు గడిపే మాలిక్ విప్పుతున్నది అలాంటి నూలునే. అలాంటి దుకాణంలో మంచి కుర్రాళ్లు నిలవరు. నిలిచినవాళ్లు మనసు పెట్టి పని చేయరు.

"పెంచితే దుకాణం మూసుకోవాలి" అనే జవాబు నాకు తెలుసు. కొందరి విషయంలో అది నిజం. చిన్న హోటలు, పక్కన ఆన్‌లైన్ ఆర్డర్ల పోటీ, అద్దె, గ్యాస్. 1935లో చరఖా సంఘంవాళ్లు చెప్పిందీ ఇదే. అలాంటి మాలిక్ చేయగలిగింది ఒకటుంది. లెక్కలు దాచకుండా పనివాళ్ల ముందు పెట్టవచ్చు. ఇదిగో అమ్మకం, ఇదిగో ఖర్చు, ఇదిగో నా ఇంటికి తీసుకెళ్లేది అని. నిజంగా లేకపోతే వాళ్లు అర్థం చేసుకుంటారు. పేదవాళ్లకు లేమి అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదు. ఆ లెక్క చూపించలేని మాలిక్ "లేదు" అంటే నేను నమ్మను. ఇంటి మీద రెండో అంతస్తు లేస్తున్నప్పుడు అసలే నమ్మను.

ఇక చివరిగా, అందరూ తప్పించుకునే ఒక ఉద్యోగం. మన మసీదులో ఇమామ్ సాబ్, మౌజన్ సాబ్. వాళ్లకు మాలిక్ ఎవరు? మసీదు కమిటీ. అంటే చందా ఇచ్చే మనమందరం. ఆంధ్రప్రదేశ్ సర్కారు ఆదాయం లేని మసీదుల కోసం నెలకు ఇమామ్‌కు 10 వేలు, మౌజన్‌కు 5 వేలు గౌరవ వేతనంగా పెట్టింది. అది కమిటీ ఇచ్చే జీతానికి తోడు కావాలి. కొన్నిచోట్ల అది వస్తోంది కదా అని కమిటీ తన వాటా తగ్గించుకుంది. సర్కారు డబ్బు నెలల తరబడి ఆలస్యమైతే ఆ ఇంట్లో పొయ్యి సంగతి ఎవరూ అడగరు. ఫజ్ర్ నుంచి ఇషా దాకా ఏడాదికి 365 రోజుల డ్యూటీ. ఊరెళ్లాలంటే బదులు మనిషిని తనే వెతుక్కోవాలి. పిల్లలకు ఖురాన్ నేర్పేది ఉచితం. నికాహ్ చదివిస్తే చేతిలో పెట్టే కవరే బోనస్. ఇంత చేసేవాళ్లను చూస్తే మనం లేచి నిలబడి సలాం చేస్తాం, చేతులు ముద్దు పెట్టుకుంటాం. అదవు అంటే అదేనట.

ఈసారి కమిటీ మీటింగ్‌లో మినార్‌కు కొత్త రంగు, షబె బరాత్ లైటింగ్, ఏసీల కొటేషన్లు చదివే ముందు, ఇమామ్ సాబ్, మౌజన్ సాబ్ జీతం ఎంతో, ఏ తారీఖున ఇస్తున్నారో, ఎన్నేళ్ల కిందట పెంచారో, నెలకు ఎన్ని రోజుల సెలవో చదవమని అడగండి. వాళ్లిద్దరూ ఆ గదిలో లేనప్పుడు అడగండి. వాళ్ల ఎదురుగా అడిగితే, "అల్హమ్దులిల్లాహ్, ఇబ్బందేమీ లేదు" అని వాళ్లే చెప్పాల్సి వస్తుంది.